కత్తిసాముతో హార్వర్డ్ సీటు: ఆ పక్క గుమ్మం ఎవరు పెట్టారు?

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది.

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి పదకొండున్నరకి మా అక్క ఫోన్ చేసింది. సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. న్యూజెర్సీలో ఉంటుంది. బావ, తను ఇద్దరూ సాఫ్ట్‌వేరే. పన్నెండేళ్ళ కొడుకు. "ఒరేయ్, నువ్వు ఏవేవో చదివి వీడియోలు చేస్తుంటావు కదా, ఒక్కటి చెప్పు. వీణ్ణి ఫెన్సింగ్‌లో వేస్తే హార్వర్డ్‌లో సీటొస్తుందంట, నిజమేనా?" అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్క మంచం మీద పడుకున్న మా నాన్న కళ్ళు తెరవకుండానే అడిగారు: "ఎవరి ప్లాటుకిరా ఫెన్సింగ్?"

ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఫెన్సింగ్ అంటే కడీలు పాతి తీగ చుట్టడమే. ఘట్‌కేసర్ దగ్గర మాకో చిన్న ప్లాటు ఉంది, దానికి ఫెన్సింగ్ వేయించాలని నాన్న నాలుగేళ్ళుగా అంటున్నారు. అక్క అడిగింది కత్తిసాము. ఒలింపిక్స్‌లో తెల్ల డ్రస్సు, మొహానికి జాలీ మాస్క్ వేసుకుని ఆడతారే, అది.

నేను ఎంసెట్ రాసి బీటెక్ చేసినవాణ్ణి. నా బుర్రలో సీటు అంటే ఒకటే లెక్క: ర్యాంకొస్తే సీటు, రాకపోతే లేదు. కత్తి తిప్పితే కాలేజీ సీటేంటి? ఆ రాత్రి నవ్వొచ్చింది. మర్నాడు చదవడం మొదలుపెట్టాక నవ్వు ఆగిపోయింది. వందేళ్ళ వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఆ కథే ఈరోజు చెప్తాను. అక్కకి నేనేం జవాబు చెప్పానో, దానికి అక్క నన్నేం అడిగిందో చివర్లో.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. ఫెన్సింగ్‌లో మూడు ఆయుధాలు. ఫాయిల్ అయితే మొండెం మీద కత్తి మొన తగిలితేనే పాయింట్. ఎపేలో తల నుంచి కాలివేలి దాకా ఎక్కడ తగిలినా పాయింటే. సేబర్‌లో నడుము పైభాగమంతా టార్గెట్, మొనతో పొడవొచ్చు, అంచుతో కొట్టొచ్చు కూడా. ఎవరిది తగిలిందో కంటికి ఆనదు కాబట్టి డ్రస్సుకి వైరు కట్టి ఉంటుంది, తగలగానే లైటు వెలుగుతుంది. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి మోడర్న్ ఒలింపిక్స్ నుంచీ ఉన్న ఆట ఇది.

అమెరికాలో పిల్లలు ఏడెనిమిదేళ్ళకే మొదలుపెడతారు. పదేళ్ళ లోపు, పన్నెండు లోపు, పద్నాలుగు లోపు, ఆ పైన క్యాడెట్, జూనియర్ అని వయసు ప్రకారం పోటీలు. గెలిచిన టోర్నమెంట్‌ని బట్టి ఏ నుంచి ఈ దాకా రేటింగ్ ఇస్తారు. ఏమీ లేనివాళ్ళది యు, అంటే అన్‌రేటెడ్. నేషనల్ లెవెల్‌లో పాయింట్ల పట్టిక ఉంటుంది, అందరూ చూడొచ్చు. ఈ పట్టికని తల్లిదండ్రులూ చూస్తారు, యూనివర్సిటీ కోచ్‌లూ చూస్తారు. కథంతా అక్కడే ఉంది.

కోచ్ ఎందుకు చూస్తాడు? హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా లాంటి 8 యూనివర్సిటీలు కలిసి 1954లో ఐవీ లీగ్ ఒప్పందం చేసుకున్నాయి. ఐవీ లీగ్ అంటే చదువుల లీగ్ అనుకుంటాం, కానీ పుట్టుకతో అది ఆటల లీగ్. అందులో ముఖ్యమైన రూల్: ఆట బాగా ఆడుతున్నాడని ఎవరికీ స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. ఇంట్లో ఆదాయం తక్కువైతే సాయం చేస్తారు గానీ, ఆటకి పైసా ఇవ్వరు. ఉద్దేశం మంచిదే, ఆటగాళ్ళని డబ్బుతో కొనకూడదని. కానీ ఒక్కసారి ఆలోచించండి. కోచ్‌కి జట్టు కావాలి. డబ్బు ఇవ్వలేడు. ఇక ఇవ్వగలిగింది ఏం మిగిలింది? సీటు. కోచ్ తనకి కావలసినవాళ్ళ పేర్లు అడ్మిషన్స్ ఆఫీసుకి ఇస్తాడు. వాళ్ళు మార్కులు చూసి, పర్లేదనుకుంటే, మిగతావాళ్ళకంటే నెలల ముందే 'నీకు సీటు రావచ్చు' అని ఉత్తరం పంపుతారు. దాన్ని లైక్లీ లెటర్ అంటారు.

దీని బరువెంతో 2018లో బోస్టన్ కోర్టులో బయటపడింది. హార్వర్డ్ అడ్మిషన్లలో ఆసియా పిల్లలకి అన్యాయం జరుగుతోందని వేసిన కేసు అది. ఆ కేసులో బయటికొచ్చిన డేటా ప్రకారం, మామూలుగా అప్లై చేసినవాళ్ళలో సీటు దొరికింది 6 శాతం లోపు. కోచ్ ఎంచుకున్న ఆటగాళ్ళలో 86 శాతం మందికి దొరికింది. అప్లై చేసేవాళ్ళలో ఈ ఆటగాళ్ళు 1 శాతం కూడా ఉండరు. సీట్లు వచ్చినవాళ్ళలో మాత్రం 10 శాతం పైనే.

ఆ 86 చూడగానే న్యూజెర్సీలో అయినా కూకట్‌పల్లిలో అయినా ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ కోడ్ రాసి బతికినవాణ్ణి కదా, నాకు డినామినేటర్ మీద అనుమానమొచ్చింది. ఆ 86 శాతం ఫెన్సింగ్ నేర్చుకున్న పిల్లల్లో కాదు. కోచ్ వడకట్టి, అడ్మిషన్స్ ఆఫీసు ముందే మార్కులు చూసి, ఆ తర్వాత మిగిలినవాళ్ళలో. జల్లెడ పట్టాక మిగిలిన బియ్యాన్ని లెక్కపెట్టి, బస్తాలో రాళ్ళే లేవన్నట్టు.

మరి జల్లెడలో ఎంతమంది మిగులుతారు? కాలేజీ మ్యాచ్‌లో ఒక్కో ఆయుధానికి ముగ్గురు దిగుతారు. మూడు ఆయుధాలు, అబ్బాయిలు, అమ్మాయిలు వేరువేరు. అంటే మొత్తం 18 మంది. ఒకరిద్దరు రిజర్వ్ వేసుకున్నా, చదువు నాలుగేళ్ళు కాబట్టి, ఒక కాలేజీకి ఒక ఆయుధంలో ఏడాదికి కావలసింది ఒకరో ఇద్దరో. ఫెన్సింగ్ జట్లున్న కాలేజీలే దేశం మొత్తం మీద నలభై పైచిలుకు. ఇదీ అక్క అడిగిన దారి వెడల్పు.

ఇప్పుడు అసలు ప్రశ్న. చదువు చెప్పే చోట సీటివ్వడానికి ఆటనెందుకు చూడాలి? ఈ గుమ్మం ఎవరు పెట్టారు?

వందేళ్ళ వెనక్కి వెళ్దాం. 1900 ప్రాంతంలో హార్వర్డ్‌లో సీటు దాదాపు మన పద్ధతిలోనే ఉండేది. ఎంట్రన్స్ పరీక్ష ఉంటుంది, పాసైతే సీటు. అయితే అందులో గ్రీకు, లాటిన్ లాంటివి ఉండేవి కాబట్టి డబ్బున్నవాళ్ళ ప్రైవేటు స్కూళ్ళ పిల్లలే పాసయ్యేవారు. ఎవరికీ ఇబ్బంది లేదు. అంతలో తూర్పు యూరప్ నుంచి వలసవచ్చిన యూదుల పిల్లలు చదవడం మొదలుపెట్టారు. న్యూయార్క్, బోస్టన్‌లలో ఇరుకు గదుల్లో ఉంటూ, బట్టలు కుట్టే తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్లలు. పరీక్షే కదా, రాశారు. పాసయ్యారు. 1900లో హార్వర్డ్‌లో యూదు విద్యార్థులు 7 శాతం దగ్గర ఉంటే, 1922కి 21 శాతం దాటారు.

అప్పటి హార్వర్డ్ ప్రెసిడెంట్ లారెన్స్ లోవెల్. మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవి. 1922లో ఆయన యూదులకి ఒక పరిమితి పెట్టాలని నేరుగానే ప్రయత్నించాడు. గొడవైంది, పేపర్లకెక్కింది, ప్రొఫెసర్ల కమిటీ 1923లో ఒప్పుకోలేదు. కానీ ఆయన ఆగలేదు. అప్లికేషన్ ఫారంలో అప్పటికే కొత్త ప్రశ్నలు చేరాయి: జాతి ఏమిటి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, మీ ఇంట్లో ఎవరైనా పేరు మార్చుకున్నారా. అద్దెకి ఇల్లడిగితే 'మీరేవిట్లు?' అని మనవాళ్ళు అడుగుతారే, అచ్చం ఆ ప్రశ్నే, ఇంగ్లీషులో. 1926కి పని పూర్తయింది. మొదటి సంవత్సరం సీట్లు 1,000కి మించకూడదన్నారు. మార్కులొక్కటే చూడం, నడవడిక, వ్యక్తిత్వం చూస్తామన్నారు. ఫోటో జతచేయమన్నారు. కోటా అన్న మాట ఎక్కడా లేదు. ఆ తర్వాతి ఏళ్ళలో యూదుల వాటా పడిపోయింది.

జెరోమ్ కారబెల్ అనే సోషియాలజిస్ట్ 2005లో రాసిన 'ది చోజెన్' అనే పుస్తకంలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ మూడింటి కథా ఇలాగే నడిచిందని వివరంగా చూపించాడు. ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. యూదుల్ని ఆపడానికే ఫెన్సింగ్ పెట్టారని కాదు. ఆ కాలేజీల మధ్య ఫెన్సింగ్ పోటీలు 1894 నుంచే ఉన్నాయి. 1926 నాటి మార్పు చేసిందేమిటంటే, మనిషిని చూసి సీటిచ్చే అధికారాన్ని ఆఫీసు చేతిలో పెట్టింది. మార్కుకి ఎదురుగా తూకంలో వేయడానికి ఇంకో పళ్ళెం పెట్టింది. ఆ పళ్ళెంలో నాన్న అక్కడ చదివాడా, ఊళ్ళో పెద్దమనిషి సిఫారసు ఉందా, మైదానంలో ఆడతాడా, ఇవన్నీ చేరాయి.

ఇక్కడ చరిత్ర ఒక తమాషా చేసింది. అలా బయట ఆగిపోయిన పిల్లలు చాలామంది న్యూయార్క్ సిటీ కాలేజీకి వెళ్ళారు. ప్రభుత్వ కాలేజీ, 1976 దాకా ఫీజు లేదు. ఆ ఫీజు లేని కాలేజీ ఫెన్సింగ్ జట్టు 1948లో జాతీయ కాలేజీ ఛాంపియన్ అయింది. అందులో ఆడినవాడు ఆల్బర్ట్ ఆక్సెల్‌రాడ్, బ్రాంక్స్‌లో పుట్టిన యూదు కుర్రాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో, 39 ఏళ్ళ వయసులో, ఫాయిల్‌లో కాంస్యం గెలిచాడు. అంటే ఫెన్సింగ్ రాజుల ఆట, దొరల ఆట అంటారే, అమెరికాలో దాన్ని నిలబెట్టినవాళ్ళలో వలసవాళ్ళ పిల్లలున్నారు.

ఇంకొకాయన పీటర్ వెస్ట్‌బ్రూక్. న్యూజెర్సీలో నెవార్క్ ఊళ్ళో పెరిగాడు. తండ్రి నల్లజాతి అమెరికన్, తల్లి జపనీస్. పేదరికం. కొడుకు వీధి గొడవల్లో పడకూడదని తల్లి, ఫెన్సింగ్ క్లాసుకి వెళ్తే 5 డాలర్లిస్తానని ఆశపెట్టింది. వెళ్ళాడు. ఫెన్సింగ్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ యూనివర్సిటీలో చదివాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సేబర్‌లో కాంస్యం తెచ్చాడు. 1991లో న్యూయార్క్‌లో పేద పిల్లల కోసం ఒక ఫౌండేషన్ పెట్టి కత్తి పట్టడం నేర్పాడు. 2024లో పోయాడు. హిజాబ్ వేసుకుని ఒలింపిక్స్ ఆడిన మొదటి అమెరికన్, 2016 రియోలో కాంస్యం గెలిచిన ఇబ్తిహాజ్ ముహమ్మద్ ఆ ఫౌండేషన్‌లో తయారైందే.

అంటే ఈ గుమ్మంలోంచి పేదవాళ్ళు కూడా వెళ్ళారు. నిజం. కానీ సీటు విలువ పెరిగేకొద్దీ గుమ్మం దగ్గర తోపులాట పెరిగింది. క్లబ్ ఫీజు, ప్రైవేటు కోచ్, కత్తులు, డ్రస్సు, నెలనెలా ఇంకో రాష్ట్రంలో టోర్నమెంట్, ఫ్లైటు, హోటలు. పాయింట్లు కావాలంటే తిరగాలి, తిరగాలంటే డబ్బుండాలి. 5 డాలర్ల ఆశతో వచ్చే పిల్లాడికి ఎవరో ఒక వెస్ట్‌బ్రూక్ దొరికితే తప్ప పాయింట్ల పట్టిక దాకా రాలేడు.

2019 మార్చిలో అమెరికాని కుదిపిన అడ్మిషన్ల స్కామ్ మీకు గుర్తుండే ఉంటుంది. రిక్ సింగర్ అనే కన్సల్టెంట్ ఆడని పిల్లల్ని ఆటగాళ్ళని చూపించి, కోచ్‌లకి లంచాలిచ్చి సీట్లు ఇప్పించాడు. ఆయన మాటల్లోనే: చదువుకుని వెళ్తే వీధి గుమ్మం, యూనివర్సిటీకి భారీ విరాళమిస్తే దొడ్డి గుమ్మం, తనది పక్క గుమ్మం. దొడ్డిదారి అన్న మాట మనకి కొత్తా? మేనేజ్‌మెంట్ కోటా చూసినవాళ్ళమే.

ఆ తర్వాత నెలకే హార్వర్డ్ ఫెన్సింగ్ కోచ్ ఇల్లు వార్తల్లోకొచ్చింది. దాదాపు ఐదున్నర లక్షల డాలర్లుగా విలువ కట్టిన ఇంటిని ఒక వ్యాపారి పది లక్షలకి కాస్త తక్కువకి కొన్నాడు. అతని కొడుకు ఫెన్సర్, తర్వాత హార్వర్డ్‌లో చేరాడు. యూనివర్సిటీ కోచ్‌ని తీసేసింది. లంచమని 2020లో కేసు పెట్టారు. 2022 డిసెంబరులో జ్యూరీ ఇద్దరినీ నిర్దోషులని తేల్చింది. కాబట్టి అది నేరం కాదు, అలా అనే హక్కు నాకు లేదు. నన్ను ఆపింది వేరే విషయం. ఒక ఆట కోచ్ ఇంటి ధర గురించి దేశమంతా మాట్లాడుకునేంత విలువ ఆ సీటుకి ఎలా వచ్చింది?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఎపిసోడ్ మొదటి స్క్రిప్ట్ నేను ఒక అమెరికన్ పత్రిక కథనం మీద రాసుకున్నాను. 2020లో 'ది అట్లాంటిక్'లో వచ్చింది. డబ్బున్న తల్లులు పిల్లల్ని ఫెన్సింగ్, స్క్వాష్ ఆడించి ఐవీ లీగ్ కోసం ఎంత పిచ్చెక్కిపోతున్నారో భలే రాశారు. రాసుకున్నాక తెలిసింది, ఆ పత్రికే కథనాన్ని వెనక్కి తీసుకుందని. అందులో ప్రధాన పాత్ర అయిన తల్లికి ఉన్నాడని చెప్పిన కొడుకు అసలు లేడు. మనం నమ్మాలనుకున్న కథ చెప్తే ఎంత సులువుగా నమ్మేస్తామో చూడండి. స్క్రిప్ట్ మొత్తం తీసేసి మళ్ళీ రాశాను.

ఇంకో వైపు కూడా చూడాలి కదా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయిల ఫాయిల్ జట్టు ఇటలీని ఓడించి స్వర్ణం గెలిచింది. ఫెన్సింగ్ టీమ్ ఈవెంట్‌లో ఆ దేశానికి అదే మొదటి స్వర్ణం. ఆ నలుగురూ నోటర్‌డేమ్, హార్వర్డ్, కొలంబియా, ప్రిన్స్‌టన్‌లలో చేరి ఆడినవాళ్ళే. హార్వర్డ్ అమ్మాయి లారెన్ స్క్రగ్స్ వెస్ట్‌బ్రూక్ ఫౌండేషన్‌లో నేర్చుకున్నదే. ఆమెకి సీటు ఊరికే వచ్చిందని ఎవడైనా అనగలడా?

మన దగ్గరా చూడండి. చెన్నై అమ్మాయి భవానీ దేవి ఎలక్ట్రిక్ కత్తి కొనే స్తోమత లేక మొదట్లో వెదురు కర్రతో ప్రాక్టీస్ చేసింది. టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళిన మొదటి భారతీయ ఫెన్సర్ అయింది, మొదటి బౌట్ 15–3తో గెలిచింది. ఐఐటీ మద్రాస్ కూడా 2024 నుంచి క్రీడాకారులకి అదనపు సీట్లు పెట్టింది, అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లిస్టులో పేరుంటేనే. రేపు మన దగ్గర కూడా ఈ గుమ్మం వెడల్పవుతుంది. కోచింగ్ సెంటర్ల పక్కన ఫెన్సింగ్ అకాడమీ బోర్డులు వస్తే నేను మాత్రం ఆశ్చర్యపోను.

సరే, అక్క జవాబు. ఇదంతా చెప్పాను. "అక్కా, సీటు కోసమైతే వద్దు. ఆ దారి సన్నం, ఖర్చు ఎక్కువ. పైగా మార్కులు బాగా తెచ్చుకునే వలసవాళ్ళ పిల్లల్ని వెనక్కి నెట్టడానికి పెట్టిన పళ్ళెం అది. వందేళ్ళ తర్వాత మనమే అందులో కూర్చోవడానికి డబ్బు కడుతున్నాం" అన్నాను. గొప్పగా చెప్పాననుకున్నా.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "మరి నీ ఇంటర్ రెండేళ్ళకి బాబాయి ఎంత కట్టాడ్రా?"

నాకు మాట రాలేదు. ఘట్‌కేసర్‌లో మాకు ఒకప్పుడు రెండు ప్లాట్లు ఉండేవి. నన్ను రెసిడెన్షియల్ కాలేజీలో వేయడానికి ఒకటి అమ్మారు. నా ర్యాంకు నా తెలివి అని పదేళ్ళుగా చెప్పుకు తిరుగుతున్నాను. మా స్కూల్లో నాకంటే లెక్కలు బాగా చేసే అబ్బాయి ఒకడుండేవాడు. వాళ్ళ నాన్నకి అమ్మడానికి ప్లాటు లేదు. వాడు ఎంసెట్ రాశాడో లేదో కూడా నాకు తెలియదు.

వందేళ్ళ కథ చదివి నేను నేర్చుకున్నది ఇంతే. పరీక్ష అయినా, ఆట అయినా, నడవడిక అయినా, ప్రతి రూల్‌నీ ఎవరో రాశారు. అది ఎవర్ని లోపలికి రానిస్తోందో అందరికీ కనిపిస్తుంది. ఎవర్ని బయట ఉంచుతోందో వెతికి చూస్తేనే కనిపిస్తుంది. కాబట్టి 'మెరిట్' అన్న మాట వినపడిన ప్రతిసారీ, మన మెరిట్‌తో సహా, ఆ బయట ఉన్నవాళ్ళెవరో ఒక్కసారి చూడండి.

మేనల్లుడు అప్పుడే ఫోన్ లాక్కున్నాడు. ట్రయల్ క్లాసుకి వెళ్ళొచ్చాడంట. "మామయ్యా, తగలగానే లైటు వెలుగుతుంది, భలే ఉంటుంది!" అన్నాడు. హార్వర్డ్ ఊసే ఎత్తలేదు. అక్క వాణ్ణి వారానికి ఒక్క క్లాసుకి పంపుతోంది, టోర్నమెంట్లు లేకుండా.

నాన్నకి మర్నాడు ఈ కథంతా చెప్పాను. అంతా విని, "అయితే మన ప్లాటుకి ఫెన్సింగ్ ఎప్పుడేయిస్తావు?" అన్నారు. ఈ నెల వేయిస్తున్నాను, నా డబ్బులతోనే. ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.